లక్షమంది కలిసి ఆడిన ఒక్క ఆట



ఈ పూట వీడియో గేముల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ఆ మాట వినగానే, పుస్తకం మూసేసి ఫోను పట్టుకుని మూల కూర్చున్న మీ ఇంటి పిల్లాడో పిల్లో గుర్తొచ్చి కొందరికి చిరాకు కలగవచ్చు. ఆ చిరాకు న్యాయమైనదే. ఒక్క పావుగంట మాత్రం దాన్ని పక్కన పెట్టండి. తెరమీది బొమ్మల సంగతి అలా ఉంచి, వాటిని ఆడించిన జనం సంగతి చెప్పాలని వచ్చాను. పెద్దమనిషంటూ ఎవరూ లేని చోట, ఒకరి ముఖం ఒకరికి తెలియని చోట, వేలూ లక్షలూ జనం పోగైతే ఏం చేస్తారు? కొట్టుకుంటారా, కలిసి నడుస్తారా? ఈ ప్రశ్నకు ఇంటర్నెట్ ఆటల్లో దొరికినంత సాక్ష్యం మరెక్కడా దొరకదని నా నమ్మకం.

2014 ఫిబ్రవరి 12న ఆస్ట్రేలియాలో ఒక ప్రోగ్రామరు, తన పేరేమిటో బయట పెట్టకుండా, ట్విచ్ అనే సైటులో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. ట్విచ్ అంటే, ఒకరు గేమ్ ఆడుతుంటే మిగతావాళ్లు చూసే చోటు. చూసేవాళ్లు కబుర్లు రాసుకోవడానికి పక్కనే చాట్ ఉంటుంది. అతను ఎంచుకున్న ఆట పోకెమాన్ రెడ్. 1996లో జపాన్‌లో, నింటెండో వారి గేమ్ బాయ్ అనే చేతి పరికరం కోసం వచ్చిన ఆట అది. సతోషి తజిరి అనే ఆయన ఆలోచన. చిన్నతనంలో టోక్యో శివారులోని మచిదాలో చెట్ల వెంటా గట్ల వెంటా తిరిగి పురుగుల్ని పట్టి దాచుకున్న మనిషాయన. ఊరు పెరిగింది, పచ్చదనం పోయింది. ఆ వేట సరదా తర్వాతి పిల్లలకు కనీసం ఆటలోనైనా దక్కాలనుకున్నాడు. మన ఇళ్లలో టీవీ కార్టూన్ల వల్ల పికాచును ఎరగని పిల్లలు తక్కువ. ఆ పికాచు పుట్టిల్లు ఈ ఆటే.

ఆటలో టోపీ పెట్టుకున్న ఓ కుర్రాడు ఊరూరా తిరుగుతాడు. పోకెమాన్‌లనే వింత జీవుల్ని పట్టి, సాకి, పోటీల్లోకి దించుతాడు. ఎనిమిది ఊళ్లలో ఎనిమిది మంది ఉద్దండుల్ని ఓడించి, చివరికి ఛాంపియన్ అవుతాడు. ఒక్క పిల్లాడు ఒంటరిగా కూర్చుంటే నింపాదిగా ముగించగలిగే ఆట.

మన ప్రోగ్రామరు ఆ ఆట మీటల్ని తీసుకెళ్లి చాట్ చేతిలో పెట్టాడు. ఎవరైనా సరే 'పైకి' అని టైపు చేస్తే కుర్రాడు పైకి వెళ్తాడు, 'కిందికి' అంటే కిందికి వస్తాడు. వచ్చిన ప్రతి మాటా వరసగా అమలవుతుంది. మొదటి రోజు కొద్దిమందే ఉన్నారు. వార్త పాకింది. ఒక దశలో ఒకేసారి 1,21,000 మంది అందులో ఉన్నారు. మొత్తం మీద 11 లక్షల 60 వేల మంది ఏదో ఒక మీట నొక్కారు. పైగా, మనం టైపు చేసిన మాట ఫలితం తెరమీద కనబడేసరికి దాదాపు అర నిమిషం పట్టేది. అంటే ప్రతి ఒక్కరూ అర నిమిషం కిందటి బొమ్మను చూస్తూ ఇప్పటి అడుగు వేయిస్తున్నారన్నమాట.

ఇక ఊహించుకోండి. ఆ కుర్రాడు గోడకు ఎదురుగా నిలబడి అటూ ఇటూ తిరుగుతాడు. నాలుగడుగులు ముందుకేసి మూడు వెనక్కి వేస్తాడు. ఒక చోట సన్నటి గట్టు మీదుగా కుడివైపు వెళ్లాలి. దారిలో ఎవరో ఒకరు 'కిందికి' అన్నారంటే చాలు, గట్టు దిగి పడిపోతాడు. మళ్లీ చుట్టూ తిరిగి మొదటికి రావాలి. మామూలుగా అయితే నాలుగు సెకన్ల పని. ఈ జనానికి గంటలకు గంటలు పట్టింది. కావాలనే 'కిందికి' అని కొట్టేవాళ్లు కొందరు, పొరపాటున కొట్టేవాళ్లు మరికొందరు. అయినా ఆ గట్టు దాటారు. దాటిన క్షణాన చాట్‌లో సంబరం చూడాలి!

కుర్రాడి సంచిలో ఒక శిలాజం ఉండేది. హెలిక్స్ ఫాసిల్ అంటారు. లక్షమంది మీటలు నొక్కుతుంటే సంచి మాటిమాటికీ తెరుచుకునేది, చెయ్యి వెళ్లి ఆ రాయి మీదే పడేది. పోట్లాట మధ్యలో కూడా కుర్రాడు రాయి బయటికి తీయబోవడం, ఇది దానికి సమయం కాదని ఆట వారించడం. నాలుగు రోజులు గడిచేసరికి జనం దీన్నో కథగా అల్లుకున్నారు. కుర్రాడు ఏ చిక్కొచ్చినా ఆ రాయిని సలహా అడుగుతున్నాడన్నారు. ఆ రాయి దేవుడయింది. దానికి స్తోత్రాలు వచ్చాయి, బొమ్మలు వచ్చాయి. యుద్ధాల్లో నమ్మకంగా గెలిపిస్తున్న ఒక పక్షికి అవతారపురుషుడి హోదా దక్కింది. ఇదంతా పిచ్చి అని కొట్టిపారేయలేను. అర్థం లేని గందరగోళంలో పడ్డప్పుడు మనుషులు కథ చెప్పుకుంటారు, కథ చెప్పుకుని నిలదొక్కుకుంటారు. పురాణం పుట్టే తీరు ఇదేనేమో. అది రెండు వారాల్లో, అందరి కళ్లముందే, ఎవరెప్పుడు ఏం రాశారో లెక్కతో సహా జరిగింది.

అయిదారు రోజులకు ఒక చిక్కుదారి వచ్చింది. దొంగల స్థావరంలో నేల నిండా బాణం గుర్తులు. ఒక పలక మీద కాలు పెడితే అది ఈడ్చుకెళ్లి ఇంకెక్కడో పడేస్తుంది. ఎంతకీ దాటలేకపోతున్నారు. అప్పుడు ప్రోగ్రామరు కల్పించుకుని ఓటింగు పెట్టాడు. కొన్ని సెకన్ల పాటు వచ్చిన మాటలన్నీ లెక్కించి, ఎక్కువమంది కోరిన అడుగు మాత్రమే వేయించే పద్ధతి. పాత పద్ధతి పేరు అనార్కీ, కొత్త పద్ధతి పేరు డెమోక్రసీ. ఏది కావాలో కూడా జనమే తేల్చుకోవచ్చు.

ఓటింగుతో పని చకచకా సాగింది. కానీ జనంలో చాలామందికి అది నచ్చలేదు! స్టార్ట్ మీటను తొమ్మిదిసార్లు నొక్కమని ఒకే ఓటుగా పంపే వీలుంది. నిరసన తెలిపేవాళ్లంతా దానికే ఓటేశారు. మెనూ తెరుచుకోవడం, మూసుకోవడం, కుర్రాడు కదలకుండా అక్కడే నిలబడటం. నేను దీని గురించి ఎన్నోసార్లు ఆలోచించాను. ఓటింగులో ఓడిన మాట మాయమైపోతుంది. గందరగోళంలో అయితే నా ఒక్క మాటకీ ఒక అడుగు పడుతుంది, అది తప్పడుగైనా సరే. ఆ అడుగు కోసం జనం వేగాన్ని వదులుకోవడానికి సిద్ధపడ్డారు. చివరికి మధ్యేమార్గం వాళ్లే కనిపెట్టుకున్నారు. పీకమీదికి వచ్చినప్పుడు ఓటింగు, తక్కిన వేళల్లో పాత పద్ధతి. ఎవరూ తీర్మానం చేయలేదు, సంతకాలు పెట్టలేదు. అలా కుదిరిందంతే.

ఫిబ్రవరి 23, ఆదివారం. ఒక బలమైన పోకెమాన్‌ను దాచిన పెట్టెలోంచి బయటికి తీద్దామని ఆటలోని కంప్యూటరు దగ్గరికి వెళ్లారు. అక్కడ 'తీసుకో' అన్న మాట పక్కనే 'వదిలేయ్' అన్న మాట ఉంటుంది. లక్ష వేళ్లు ఆడుతుంటే అడ్డెవరు? ఆ ఒక్క రోజే పన్నెండు పోకెమాన్‌లు అడవి పాలయ్యాయి. అవి ఇక తిరిగి రావు. ఎక్కడెక్కడి మనుషులో వాటికి నివాళిగా బొమ్మలు గీశారు.

మార్చి 1న, పదహారు రోజులు పగలూ రాత్రీ ఏకధాటిగా ఆడాక, ఆ జనం ఛాంపియన్‌ను ఓడించారు. చివరి జట్టులో ఆ శిలాజానికి ప్రాణం పోయగా వచ్చిన జీవి కూడా ఉంది, పెరిగి పెద్దదై.

చెడగొట్టేవాళ్లు వేలల్లో ఉండగా ఇది ఎలా సాధ్యమైంది? జనం తెలివైనదని చెప్పి ఊరుకుంటే సరిపోదు. తజిరి ఆటను కట్టిన తీరులో ఒక గొప్ప గుణం ఉంది. పోకెమాన్‌లో ఓడిపోతే ఆట ముగియదు. మన జీవులు చావవు, సొమ్మసిల్లుతాయి. చివరిసారి వెళ్లిన వైద్యశాలకు చేరి, కోలుకుని, మళ్లీ బయల్దేరవచ్చు. నూరు తప్పులు చేసినా నూటొకటోసారి దారి తెరిచే ఉంటుంది. ఆ ఆటలో వెనక్కి తీసుకోలేని పని దాదాపు ఒక్కటే, చేతిలో ఉన్నదాన్ని వదిలేయడం. జనం దుఃఖపడింది కూడా సరిగ్గా అక్కడే. తప్పు దిద్దుకునే వీలున్న చోట గుంపు ఎంత తడబడినా గమ్యం చేరుతుంది. ఆ వీలు లేని చోట ఒక్క చెడ్డ క్షణం చాలు. ఆఫీసులు నడిపేవాళ్లు, బడులు నడిపేవాళ్లు ఈ ఒక్క సంగతి పట్టించుకుంటే ఎంత బాగుండునో!

ఇంకో ఆటలో తప్పు దిద్దుకోవడం జనం చేతుల్లో లేకపోయింది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అని 2004 నవంబరులో బ్లిజర్డ్ కంపెనీ విడుదల చేసిన ఆట. వేలమంది ఎవరిళ్లలో వాళ్లుండి ఒకే మాయాలోకంలో తిరుగుతారు. అందులో నగరాలున్నాయి, అంగళ్లున్నాయి, అడవులున్నాయి. 2005 సెప్టెంబరు 13న కంపెనీవాళ్లు జుల్‌గురుబ్ అనే కొత్త చోటు తెరిచారు. దాని చివర హక్కార్ అనే రక్తపిపాసి కాపలా. ఎదిరించినవాళ్ల మీద వాడొక శాపం వేస్తాడు, పేరు కరప్టెడ్ బ్లడ్. ఒంట్లో రక్తం చెడి ప్రాణం కొంచెం కొంచెం తగ్గిపోతుంది. దగ్గరగా నిలబడ్డవాళ్లకు అంటుకుంటుంది. ఆరితేరిన ఆటగాళ్లు తట్టుకోగలరు, కొత్తగా చేరినవాళ్లు క్షణాల్లో పోతారు. ఆ శాపం ఆ చోటు దాటకూడదని కంపెనీ లెక్క.

దాటింది. వేటగాళ్ల వేషంలో ఉన్నవాళ్లు పెంపుడు జంతువుల్ని వెంట తిప్పుకుంటారు. జంతువుకు శాపం తగిలిన మరుక్షణం దాన్ని లోపలికి పంపేసి, ఆ తర్వాత నగరం నడిబజారులో మళ్లీ పిలిస్తే, జబ్బు దాని ఒంట్లో అలాగే ఉంది. అక్కడి అంగడివాళ్లు కంప్యూటరు నడిపే బొమ్మలు, వాళ్లు చావరు. వాళ్లకు జబ్బు సోకినట్టు పైకి తెలియదు కూడా. సరుకు కొనడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ అంటించారు. కొద్ది గంటల్లో పెద్ద నగరాల వీధుల నిండా ఎముకల గుట్టలు.

అప్పుడు ఎవరేం చేశారన్నదే నాకు ముఖ్యం. వైద్యం చేసే శక్తి ఉన్న ఆటగాళ్లు కొందరు, ఎవరూ పిలవకుండానే నడిబజారులో నిలబడి, ముక్కూ మొహం తెలియనివాళ్లకు వైద్యం చేశారు. వైద్యం చేతకానివాళ్లు ఊరి ద్వారాల దగ్గర నిలబడి లోపలికి రావద్దని కొత్తవాళ్లను హెచ్చరించారు. కొందరు ఊళ్లు వదిలి అడవుల్లోకి పారిపోయారు. కొందరు కావాలనే జబ్బును మోసుకెళ్లి జనం మధ్య వదిలారు. కంపెనీ క్వారంటైన్ పెడితే ఎక్కువమంది లెక్కచేయలేదు. చివరికి సర్వర్లు ఆపి మళ్లీ మొదలుపెట్టి, ఆటలో మార్పులు చేసి, జంతువులకు ఆ శాపం తగలకుండా కట్టడి చేశాకే అది చల్లారింది.

ఎరిక్ లాఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీని మీద 2007లో లాన్సెట్ ఇన్‌ఫెక్షస్ డిసీజెస్ పత్రికలో వ్యాసం రాశారు. అంటువ్యాధి వస్తే మనుషులు ఎలా నడుచుకుంటారో చూద్దామని నిజం జబ్బును ఎవరి మీదా వదల్లేం కదా. ఆట ఆ పని ఎవరికీ హాని లేకుండా చేసి పెట్టింది. ముఖ్యంగా వాళ్ల దృష్టి పడింది కుతూహలపరుల మీద. ఏం జరుగుతోందో చూసొద్దామని జబ్బున్న చోటికి వెళ్లి, దాన్ని అంటించుకుని తిరిగొచ్చినవాళ్ల మీద. లెక్కల సూత్రాల్లో అలాంటి మనిషికి అంతకు ముందు చోటు లేదు.

పదిహేనేళ్లు తిరక్కుండా కరోనా వచ్చింది. 2020 మార్చి, ఏప్రిల్ నెలలు గుర్తు చేసుకోండి. తెలంగాణలో, ఆంధ్రలో ఎన్నో ఊళ్ల పొలిమేరల్లో ముళ్లకంపలు అడ్డం పడ్డాయి. కర్రలు పట్టుకుని యువకులు కాపలా కాశారు. నడిచి పోతున్న వలస కూలీలకు రోడ్డు పక్కన అన్నం పొట్లాలు పంచినవాళ్లూ మనవాళ్లే. జబ్బు దాచిపెట్టి పెళ్లి భోజనాలకు వెళ్లినవాళ్లూ మనవాళ్లే. వైద్యుడు, కావలివాడు, పారిపోయినవాడు, అంటించినవాడు, చూసొద్దామని వెళ్లినవాడు. ఆ ఆటలో కనిపించిన అయిదుగురూ మన వీధిలోనూ కనిపించారు. ఆ ఇద్దరు శాస్త్రవేత్తలు కరోనా మీద కూడా పనిచేశారు.

మూడోది చిన్న ముచ్చట. 2017 ఏప్రిల్ 1న రెడిట్ సైటులో ఒక తెల్లటి పలక పెట్టారు. అడ్డం వెయ్యి గళ్లు, నిలువు వెయ్యి గళ్లు, పదహారు రంగులు. సంక్రాంతి ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు ఎవరైనా వచ్చి ఒక చుక్క పెట్టవచ్చు. పెట్టాక మళ్లీ కనీసం అయిదు నిమిషాలు ఆగాలి. ఒంటరిగా ఎవరూ ఏమీ గీయలేరు. గీసినా పక్కవాడు దాని మీద ఇంకో రంగు వేసేస్తాడు. మూడు రోజుల్లో పది లక్షల మందికి పైగా చుక్కలు పెట్టారు. మోనాలిసా వచ్చింది, జెండాలు వచ్చాయి. అంతా నల్లరంగు పూసేయాలని బయల్దేరిన ముఠా కూడా ఒకటి వచ్చింది. జర్మనీ జెండా పాకుతూ పాకుతూ ఫ్రాన్స్ జెండా మీదికి వచ్చింది. కాసేపు గళ్ల యుద్ధం. ఆఖరికి రెండూ కలిసే చోట ఐరోపా సమాఖ్య జెండా, దాని మీద శాంతి పావురం. ఈ పలక ఆలోచన జోష్ వార్డిల్ అనే ఆయనది. తర్వాత 2021లో వర్డిల్ అనే అయిదక్షరాల ఆటతో లోకమంతటికీ తెలిసింది ఆయనే.

ఇవన్నీ ఎక్కడో జరిగిన సంగతులు. మన దగ్గరా ఈ గుణం ఉంది, దాన్ని చూసే ఓపిక మనకుండాలి. తొంభైల్లో పిల్లలుగా ఉన్నవాళ్లకు టీవీ గేమ్ గుర్తుంటుంది. క్యాసెట్టు తీసి, ఉఫ్ అని ఊది, మళ్లీ గుచ్చి ఆడిన కాంట్రా గుర్తుంటుంది. అందులో ఇద్దరు కలిసి ఆడేటప్పుడు ఒకడి లైఫులు అయిపోతే రెండోవాడి లైఫు తీసుకోవచ్చు. "ఒక్కటివ్వరా" అన్న బతిమాలాట ఎన్ని వేసవి మధ్యాహ్నాల్లో వినిపించిందో! లైఫు ఇచ్చినవాడు తాను ఓడిపోతానని తెలిసే ఇచ్చాడు.

ఇప్పుడు ఫోన్లలో జట్లుగా తుపాకీ యుద్ధం ఆడే పబ్జీ తరం. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్జీని నిషేధించింది, మరుసటి ఏడాది అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది. సాయంత్రం ఏ పల్లెలోనైనా రచ్చబండ మీద నలుగురు కుర్రాళ్లు తలలు వంచుకుని కూర్చుని ఉంటారు. దగ్గరికి వెళ్లి వినండి. "నాక్ అయ్యాన్రా, రివైవ్ చెయ్, జోన్ వచ్చేస్తంది!" అని ఒకడి కేక. అంటే, దెబ్బ తిని కూలబడ్డాను, ప్రాణం కారిపోతోంది, ప్రమాద వలయం ముంచుకొస్తోంది, వచ్చి లేపమని. లేపడానికి వచ్చినవాడు పది సెకన్ల వరకు కదలకుండా పక్కన మోకాళ్ల మీద కూర్చోవాలి. ఆ పది సెకన్లలో తుపాకీ పేల్చలేడు, తప్పించుకోలేడు. ఎదుటి జట్టుకు అంతకన్నా సులువైన గురి ఉండదు. అయినా వస్తాడు. నలుగురిలో ఎవడు వస్తాడో ఆ కుర్రాళ్లకు బాగా తెలుసు. ఎవడు రాడో కూడా తెలుసు, ఆట ముగిశాక వాడికి పడాల్సిన చీవాట్లు పడతాయి.

సినిమా అభిమానుల సంగతీ అంతే. హీరో పుట్టినరోజుకు హ్యాష్‌ట్యాగ్ ట్రెండ్ చేయడానికి తెలుగు కుర్రాళ్లు చూపే పట్టుదల చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అదే పట్టుదల ఒక్కోసారి ఎదుటి హీరో ఇంట్లో ఆడవాళ్లను తిట్టడానికి దిగుతుంది. దాన్ని ఏ అభిమానమూ సమర్థించదు. 2022 ఆగస్టు 9న మహేశ్‌బాబు పుట్టినరోజుకు పోకిరి మళ్లీ థియేటర్లకు వచ్చింది, వచ్చే డబ్బు సేవా కార్యక్రమాలకు ఇస్తామన్నారు. ఆ హాళ్లలో అరిచిన గొంతులూ, రాత్రిళ్లు తిట్లు టైపు చేసే వేళ్లూ వేర్వేరు మనుషులవి కావు. ఏ పని కోసం పోగు చేశామన్నదాన్ని బట్టి గుంపు మారుతుంది.

గేముల వల్ల నష్టం లేదని నేను అనను. నిద్ర పోతుంది, చదువు పోతుంది, కొన్ని ఇళ్లలో డబ్బూ పోయింది. గంటలు లెక్కపెట్టి, చాలని చెప్పి ఫోను తీసుకునే హక్కు అమ్మానాన్నలకు ఉంది, తీసుకోవాలి కూడా. కానీ తీసుకునే ముందు ఒక్క పది నిమిషాలు పక్కన కూర్చోండి. ఎన్ని పాయింట్లు వచ్చాయని అడక్కండి. ఇవాళ నీ జట్టులో ఎవరున్నారు నాన్నా, నువ్వు పడిపోతే ఎవరు వచ్చి లేపారు, నువ్వు ఎవరి కోసం వెనక్కి వెళ్లావు అని అడగండి. తిట్ల గురించి కూడా అడగండి, ఎవరు తిట్టారు, నువ్వేమన్నావు అని. పిల్లలు చెబుతారు. బడిలో ఏం జరిగిందంటే ఏం లేదనేవాళ్లు సైతం దీని గురించి అడిగితే ఆపకుండా చెబుతారు. ఈ రాత్రే అడిగి చూడండి.